తలుపుపైన వదలిన ఖాళీ

ఈ శీర్షిక క్రింద మేము సాధారణంగా మన కర్మాగారాలకు, మన వృత్తికి దగ్గరగా ఉండే విషయాలనే ముచ్చటిస్తూ వచ్చాము. ఈ మారు పాఠకులను కొంచెం దూరంగా, బాగా చలి ఉన్న చోటికి తీసుకొని పోదలచాము. విషయం, మంచు కురిసే దేశాలలో మనిషి తన చేతులతో తానే కట్టుకొనే దుంగల ఇల్లు. ఇటుక, సున్నం, సిమెంటు, ఇనుము వీటి మధ్య పెరిగిన మనకు ఆ ఇల్లు పిల్లల పుస్తకంలోని బొమ్మవలె కనిపించవచ్చు. కాని దగ్గరకు పోయి చూచినట్లయితే, అది కట్టడం పూర్తయిన తరువాత కూడా కొన్నేళ్ళపాటు కదులుతూనే ఉండే నిర్మాణమని తెలుస్తుంది. ఆ కదలికను ముందుగా లెక్కలోకి తీసుకోని వానికి ఏదో ఒక చలిరాత్రి తన ఇంటి తలుపే తెరుచుకోదు.

స్కాండినేవియా దేశాలలోను, రష్యాలోను ఈ విద్య శతాబ్దాల నాటిది. 1638 నుండి డెలావేర్ నది లోయలో స్థిరపడిన స్వీడన్, ఫిన్లాండ్ వాసులు దీనిని అమెరికాకు తీసుకొని పోయారు. మేము ఎంచుకున్న ఉదాహరణ మాత్రం మన కాలానికి దగ్గరిది. రిచర్డ్ ప్రెనకీ 1916లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో వడ్రంగిగా, ఆ తరువాత డీజిల్ మెకానిక్కుగా పనిచేశాడు. 1968 మే నెలలో, యాభై రెండేళ్ళ వయసులో, నైరుతి అలాస్కాలోని ట్విన్ లేక్స్ అనే జంట సరస్సుల ఒడ్డుకు చేరి, ఒంటరిగా, చేతి పనిముట్లతో ఒక దుంగల ఇల్లు కట్టుకున్నాడు. ఆ వయసు గూర్చి మా ఈడు వారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మనలో పలువురు అప్పటికి భవిష్యనిధి లెక్కలు చూచుకుంటూ ఉంటారు.

అతని పనిలో మమ్ములను ఆకట్టుకొన్నది దాని క్రమం. 1967 వేసవిలోనే అక్కడికి పోయి, స్ప్రూస్ చెట్లను నరికి, బెరడు ఒలిచి, దుంగలను ఆరనిచ్చి తిరిగి వచ్చాడు. మరుసటి ఏడు పనిలోకి దిగాడు. మోత తగ్గించుకోవడానికి కొన్ని పనిముట్లను పిడులు లేకుండానే తీసుకొని పోయి, పిడులను అక్కడి కొయ్యతో చెక్కుకున్నాడు. తలుపు బందులను సైతం చెట్టు మొద్దు నుండి మలచుకున్నాడు. ఖాళీ పెట్రోలు డబ్బాలను కోసి పాత్రలు చేసుకున్నాడు. గది లోపలి కొలత సుమారు 11 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. పునాదికి కంకర, నెగడు గూటికి సరస్సు ఒడ్డు రాళ్ళు. కప్పుకు మాత్రం తారుకాగితం, పాలిథీన్ పట్టా పరచి, ఆపైన నాచు కప్పాడు. ఈ పనినంతా ముక్కాలి పీటపై కెమెరా నిలిపి తానే చిత్రించుకున్నాడు. 1990వ దశకం చివరి వరకు, ఎనభై దాటిన వయసు దాకా, తన జీవితంలో అధికభాగం అక్కడే గడిపాడు. 2003లో మరణించాడు. ఆ సరస్సులు 1980లో ఏర్పడిన లేక్ క్లార్క్ జాతీయ ఉద్యానవనంలో భాగమయ్యాయి. ఆ ఇల్లు 2007లో అమెరికా చారిత్రక స్థలాల జాతీయ పట్టికలో చేరింది.

ఇక అటువంటి ఇంటిని ఇంజనీరు కంటితో పునాది నుండి చూద్దాం. మంచు దేశంలో నేల స్థిరంగా ఉండదు. మెత్తని మట్టిలోని నీరు గడ్డకట్టేటప్పుడు క్రింది నుండి మరింత నీటిని పైకి పీల్చుకొని మంచు పొరలుగా పెరుగుతుంది. ఆ పొరలు పునాదిని పైకి ఎత్తుతాయి. వసంతంలో అవి కరగగానే నేల క్రుంగుతుంది. ఏ మూలకు ఆ మూల వేరు వేరుగా లేచి దిగితే గోడలు వంకరపోతాయి. అందువలన పునాదిని నేల గడ్డకట్టే లోతుకన్నా క్రిందికి దింపాలి, లేదా నీటిని నిలువనీయని, పైకి పీల్చని కంకరను మందంగా పరచాలి. ఏడాది పొడవునా నేల గడ్డకట్టియే ఉండే ఉత్తర ప్రాంతాలలో మరొక చిక్కు ఉన్నది. అక్కడ ఇంటిలోని వేడియే క్రింది మంచునేలను కరిగించి, ఇంటిని దానిలోకి దించివేస్తుంది. కాబట్టి నేలకు, గదికి మధ్య చలిగాలి ఆడేటట్లు ఇంటిని కాళ్ళపై నిలుపుతారు. చలిదేశంలో ఇంటి క్రిందికి చలిగాలిని కావాలని రానీయడం వింతగా తోచినా, ఆ ఇల్లు నిలిచేది దాని వల్లనే.

తరువాత దుంగలను ఎత్తడం. అయిదు మీటర్ల పొడవు, పాతిక సెంటీమీటర్ల మందం గల పచ్చి స్ప్రూస్ దుంగ సుమారు 160 కిలోలు తూగుతుంది. క్రేను లేని అడవిలో దీనిని తలపైకి ఎత్తడానికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం చాలా సరళమైనది. రెండు వాసాలను గోడకు ఏటవాలుగా ఆనించి, మోకుల ఒక కొనను గోడపైన కట్టి, రెండవ కొనను దుంగ క్రిందుగా త్రిప్పి పైకి తెచ్చి లాగుతారు. దుంగ దొర్లుకుంటూ పైకి వస్తుంది. వాలు ముప్పది డిగ్రీలైతే బరువులో సగమే లాగాలి. మోకు మడత వలన దానిలోనూ సగమే చేతికి వస్తుంది. 160 కిలోలు 40 కిలోలయ్యాయి. రాపిడిని కలుపుకున్నా ఒకరిద్దరి బలానికి లొంగే పని ఇది. మన పాఠశాల పుస్తకాలలోని వాలుతలము, కప్పీ ఇక్కడ కలిసి పనిచేస్తున్నాయి.

దుంగలు మూలలలో ఒకదానినొకటి పట్టుకొనడానికి గంటు చెక్కుతారు. ఆ గంటును పై దుంగ అడుగుభాగంలో మాత్రమే, క్రింది దుంగ వీపుపై జీనువలె కూర్చునేటట్లు చెక్కాలి. క్రింది దుంగలో పైవైపు చెక్కితే అది నీరు నిలిచే గిన్నె అవుతుంది. నీరు నిలిచిన చోట కొయ్య కుళ్ళుతుంది. ఏ రెండు దుంగలూ ఒకే ఆకారంలో ఉండవు గనుక, రసమట్టం అమర్చిన వృత్తలేఖిని వంటి సాధనంతో క్రింది దుంగ వంపులను యథాతథంగా పై దుంగపై గీసి, ఆ గీత వెంట చెక్కుతారు. పొడవునా కూడా అదే విధంగా గాడి తీసి, నాచునో ఉన్నినో కూరుతారు. చెట్టు మొదలు లావు, కొన సన్నం కాబట్టి, ఒక వరుసలో మొదలు ఎటు ఉంటే తరువాతి వరుసలో కొనను అటు ఉంచి గోడను సమమట్టంగా నడుపుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. పచ్చికొయ్య ఆరేటప్పుడు కుంచించుకొని పోతుంది. అయితే అన్ని దిశలలోను ఒకే విధంగా కాదు. పూర్తిగా ఆరేసరికి స్ప్రూస్ వంటి కొయ్య అడ్డంగా కేంద్రం దిశలో నూటికి నాలుగు వంతులు, చుట్టుకొలత దిశలో ఏడెనిమిది వంతులు తగ్గుతుంది. నిలువుగా, అంటే నార వెంట, తగ్గేది నూటికి ఒకటి రెండు పదవ వంతులే. మన ఇళ్ళలో స్తంభాలు, ద్వారబంధాలు నిలువు కొయ్యతో నిలుస్తాయి కనుక ఈ తేడా మనకు పెద్దగా తెలియదు. దుంగల గోడ మాత్రం పడుకోబెట్టిన కొయ్య. దాని ఎత్తు అంతా కొయ్య అడ్డుకొలతల మొత్తమే. ఆరేటప్పుడు ప్రతి దుంగ కొంచెం సన్నబడుతుంది. పై బరువుకు గంటులు నలిగి మరికొంత దిగుతుంది. పచ్చి దుంగల గోడకు వడ్రంగులు అడుగుకు ముప్పావు అంగుళం చొప్పున, అనగా నూటికి ఆరు వంతులకు పైచిలుకు, దిగుదల లెక్కకడతారు. ఎనిమిదడుగుల గోడ ఆరు అంగుళాలు క్రిందికి దిగుతుందన్న మాట. ఇది ఒక్క నాటితో జరగదు. లోపల నెగడు వెలిగిన మొదటి కొన్ని శీతకాలాలలో నెమ్మదిగా జరుగుతుంది. ప్రెనకీవలె ముందు ఏడే కొట్టి ఆరబెట్టుకుంటే ఈ దిగుదల కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

గోడ ఇలా దిగుతున్నది. దాని మధ్యలో ఉన్న ద్వారబంధం నిలువు కొయ్య, అది దిగదు. ఈ రెంటినీ మేకులతో బిగించి, పైన సందు లేకుండా కట్టినట్లయితే ఏమి జరుగుతుంది? పై దుంగల బరువు, కప్పు బరువు, దానిపైనున్న మంచు బరువు క్రమంగా ద్వారబంధం నెత్తిన కూర్చుంటాయి. మొదట తలుపు రాచుకుంటుంది. చిత్రిక పట్టి సరిచేస్తారు. మరుసటి ఏడు మళ్ళీ రాచుకుంటుంది. తరువాత ఒకనాడు బిగుసుకొని పోతుంది. బిగుసుకొనని చోట గోడ ద్వారబంధంపై వ్రేలాడి, అటూ ఇటూ దుంగల మధ్య సందులు విచ్చి, చలిగాలి లోపలికి దూసుకొని వస్తుంది. కొయ్యతో కట్టి లోపల నిప్పు ఉంచుకొనే ఇంటిలో, బయట సున్నాకు నలభై డిగ్రీల దిగువన చలి ఉన్న రాత్రి, ఉన్న ఒక్క తలుపూ తెరుచుకోకపోతే దాని అర్థం ఏమిటో కర్మాగార భద్రతా నియమాలు చదివిన మన పాఠకులకు వివరించనక్కరలేదు. భారీగా మంచు పేరుకొనే చోట తలుపును లోపలికి తెరుచుకొనేటట్లు అమర్చే వాడుకకు కూడా కారణం ఇదే. రాత్రికి రాత్రి గుమ్మం ముందు నడుమెత్తు మంచు పేరుకుంటే బయటికి త్రోసే తలుపు కదలదు.

దీనికి తెలిసిన వడ్రంగి చేసే ఉపాయం ఒక్కటే. తలుపుపైన ఖాళీ వదలుతాడు. రెండు మీటర్ల ఎత్తు ద్వారానికి పన్నెండు సెంటీమీటర్లు, తొంబది సెంటీమీటర్ల కిటికీకి అయిదారు సెంటీమీటర్లు. ద్వారబంధాన్ని దుంగలకు మేకులతో బిగించడు. దుంగల కొనలలో నిలువుగా గాడి తీసి, దానిలో ఒక పట్టెను నిలిపి, ద్వారబంధాన్ని ఆ పట్టెకు మాత్రమే బిగిస్తాడు. దుంగలు ఆ పట్టె వెంట పట్టాలపై జారినట్లు క్రిందికి జారుతాయి. పైన వదలిన ఖాళీలో ఉన్ని వంటి మెత్తని పదార్థం కూరి, కనిపించకుండా ఒక పలకను అడ్డం పెడతాడు. ఆ పలకను పై దుంగకే బిగిస్తాడు, ద్వారబంధానికి బిగించడు. రెంటికీ బిగిస్తే పడిన శ్రమ అంతా వృథా.

తలుపు దగ్గర ఆరంభమైన ఈ ఆలోచన ఇల్లంతా నడవాలి. మధ్యలో నిలిపిన స్తంభం కుంచించదు, చుట్టూ గోడలు దిగుతాయి. అందువలన స్తంభం క్రింద మర జాకీని అమర్చి, గోడలతో పాటు దానిని కొంచెం కొంచెంగా దించుతారు. రాతి పొగగొట్టం అసలే దిగదు. కప్పు దాని చుట్టూ జారాలి. కనుక వాన, మంచు లోపలికి రాకుండా రేకులను ఒకదానిపై ఒకటి జారే విధంగా రెండు భాగాలుగా అమర్చుతారు. మెట్ల పై కొసను, అడ్డగోడల పై అంచును కూడా ఇదే రీతిలో చూచుకోవాలి.

రైలు పట్టాల కీళ్ళ వద్ద సందు, వంతెన దూలం ఒక చివర రోలర్లు, ఆవిరి గొట్టాల దారిలో అక్కడక్కడ ఇచ్చే ‘యు’ ఆకారపు వంపు మన కంటికి అలవాటైనవే. వీటన్నిటి వెనుక ఉన్న బుద్ధి ఆ అడవి వడ్రంగి తలుపుపైన వదలిన ఖాళీలోనూ ఉన్నది. కాంక్రీటు పలకలో పగులు ఎటూ తప్పదని ముందే గీత కోసి, ఆ గీత వెంటనే పగలనిస్తాము. దుంగల ఇంటిలోనూ అంతే. ఆరేటప్పుడు దుంగ పొడవునా నెర్రె విచ్చుకోక తప్పదు. అందుచేత దుంగ వీపుపై రంపంతో ముందే ఒక చీలిక కోస్తారు. నెర్రె అక్కడే వస్తుంది. దానిపై తరువాతి దుంగ కూర్చుంటుంది గనుక వాన నీరు దానిలోకి దిగదు.

ఇక కప్పు. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనమీటరుకు 50 నుండి 100 కిలోలు మాత్రమే. కొన్నాళ్ళు నిలిచి అణగిన మంచు 200 నుండి 300 కిలోలు. తడిసిన పాత మంచు 400 కిలోలు కూడా దాటుతుంది. కప్పుపై ఒక మీటరు మందాన అణగిన మంచు ఉన్నదనుకుంటే చదరపు మీటరుకు 300 కిలోలు. చూరులతో కలిపి పాతిక చదరపు మీటర్ల చిన్న కప్పుపై ఏడున్నర టన్నులు. మైదానాలలో మనుషులు ఎక్కి తిరిగే మన మిద్దెలకు చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్కకడతామని గుర్తు తెచ్చుకుంటే ఈ అంకె విలువ తెలుస్తుంది. మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 నాలుగవ భాగం మంచు భారానికే కేటాయించబడినది. సముద్రతీరాన పనిచేసే మనలో చాలామందికి దానిని తెరిచే అవసరం రాలేదు. బరువు ఒక ఎత్తు, కరుగు మరొక ఎత్తు. లోపలి వేడి కప్పు గుండా తప్పించుకొంటే మంచు అడుగుభాగం కరిగి, నీరు చూరు దాకా జారి, అక్కడి చలికి మళ్ళీ గడ్డకట్టి కట్టవలె నిలుస్తుంది. దాని వెనుక నిలిచిన నీరు ఇంటిలోకి కారుతుంది. అందుకే కప్పుకు వేడిని ఆపే పొర, దానిపైన గాలి ఆడే సందు అవసరం. గోడలు తడవకుండా చూరును బాగా బయటికి దించడమూ అవసరమే.

కొయ్యగోడ చలిని ఎంతవరకు ఆపుతుందన్న ప్రశ్నకు సమాధానం నిదానంగా చెప్పాలి. ఇరవై సెంటీమీటర్ల మందం గల మెత్తకొయ్య వేడిని ఆపడంలో మీటరుకు మించిన ఇటుకగోడతో సమానం. కాని ఈనాటి గాజు ఉన్ని పొర ఏడు సెంటీమీటర్లు ఉంటే అదే పని చేస్తుంది. కాబట్టి దుంగ మందంకన్నా దుంగల నడుమ సందు బిగువే అక్కడ ప్రధానం. అయితే సందులన్నీ బిగించిన ఇంటిలో నిప్పుకు గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొయ్యికి బయటి గాలి వచ్చే దారి, శుభ్రంగా ఉంచిన పొగగొట్టం ఉండి తీరాలి. ఇక్కడ కూడా ప్రాణాన్ని కాపాడేది తెలిసి వదలిన ఒక ఖాళీయే.

ఇటువంటి కొయ్య ఇల్లు ఎంతకాలం నిలుస్తుందని కొందరు అడుగవచ్చు. రష్యాలో ఒనేగా సరస్సు నడుమ కిజి ద్వీపంలో 1714లో కట్టిన దుంగల చర్చి ఒకటి ఉన్నది. ఎత్తు 37 మీటర్లు, గుమ్మటాలు 22. మూడు శతాబ్దాల తరువాత దాని దుంగలలో కొన్ని శిథిలమయ్యాయి. పునరుద్ధరించిన ఇంజనీర్లు లోపల ఉక్కు చట్రం నిలిపి, పైభాగాన్ని దానిపై ఎత్తి పట్టి, గోడలను అంచెలంచెలుగా విప్పి, చెడిన దుంగలను మార్చి తిరిగి పేర్చారు. ఆ పని 2020లో పూర్తయింది. గంటులతో పట్టుకొన్న గోడను విప్పి మరల కట్టవచ్చు.

మన దేశంలోనూ మంచు ప్రాంతాల వారు కొయ్య స్వభావాన్ని తమదైన రీతిలో అర్థం చేసుకున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని కులు, కిన్నౌర్ ప్రాంతాలలో ‘కాఠ్ కుణి’ అనే పద్ధతి ఉన్నది. ఒక వరుస దేవదారు దూలాలు, ఒక వరుస సున్నం లేని రాళ్ళు, ఇలా గోడను లేపుతారు. రాయి కుంచించుకొని పోదు కాబట్టి గోడ మొత్తంలో దిగుదల తగ్గుతుంది. బిగింపు లేని రాళ్ళు, మూలలలో పట్టుకొన్న దూలాలు భూకంపానికి కొంచెం కదిలి ఆ శక్తిని మ్రింగుతాయి. క్రింది అంతస్తులో పశువులను కడతారు. వాటి వేడి పైగదులకు చేరుతుంది. అక్కడ మంచు, భూకంపం రెండూ ఉన్నాయి. ఇల్లు ఆ రెంటికీ సమాధానం చెప్పింది.

ప్రెనకీ వంటి వారి కథ చదివినపుడు మనకు ముందుగా కనిపించేది ఒంటరితనం, ధైర్యం. మేము మాత్రం ఆ ఇంటి తరహా కట్టడంలోని వినయాన్ని ఎక్కువగా మెచ్చుకుంటాము. కట్టేనాడు అన్నీ బిగువుగా, నున్నగా, ఖాళీ లేకుండా కుదిరితే చూచేవారికి ముచ్చటగా ఉంటుంది. తలుపుపైన పన్నెండు సెంటీమీటర్ల సందు చూచి, కొలత తప్పిందని నవ్వేవారూ ఉండవచ్చు. వడ్రంగి జవాబు చెప్పడు. మూడు నాలుగు శీతకాలాలు గడచిన పిమ్మట ఆ సందు చాలావరకు మూసుకొని ఉంటుంది, తలుపు వ్రేలితో త్రోస్తే తెరుచుకుంటుంది. డ్రాయింగులపై సంతకాలు చేసే మనం, రేపు మన కట్టడాలు ఎటు కదులుతాయో ఈనాడే అడిగి, దానికి తగిన చోటు ఈనాడే వదలాలి. అప్పగించిన రోజున సరిపోతే చాలునని మన బాధ్యత ముగియదు.

మన సంస్థలలోను, సోదర సంస్థలలోను హిమాలయ ప్రాంతపు ప్రాజెక్టులలో శీతకాలాలు గడిపిన సహోద్యోగులు చాలామంది ఉన్నారు. అక్కడి ఇళ్ళ కప్పులు, తలుపులు, పునాదుల గూర్చి వారు కన్నవి, విన్నవి వ్రాసి పంపితే ఈ శీర్షికలో సంతోషంగా ప్రచురిస్తాము.